మెయిల్ బొమ్మపై ఎర్ర అంకె: చదవని మెయిళ్ల గోలను అదుపు చేయడం ఎలా?

ఫోను తెరపై మెయిల్ బొమ్మ మూలన ఎర్ర వృత్తంలో వేలల అంకె పెట్టుకుని తిరిగేవారు ఇంటికొకరు ఉన్నారు. ఆ అంకెను వదిలించుకోవడానికి వాళ్లు చేసే పనులు రెండే. నోటిఫికేషన్లన్నీ ఒక్క దెబ్బతో ఆపేస్తారు, లేదంటే దొరికినవన్నీ గంపగుత్తగా తొలగించేస్తారు. మొదటి పని చేసినవారికి ఆదాయపు పన్ను శాఖ పంపిన సమాచారం గడువు దాటాక కనిపిస్తుంది. రెండో పని చేసినవారికి బీమా పాలసీ పత్రం అవసరమైన రోజున దొరకదు. మెయిల్ సరిచేసి పెట్టమని బంధువులు, తోటి ఉద్యోగులు నా చేతికిచ్చే ఫోన్లలో ఎప్పుడు చూసినా ఈ రెండు తప్పులే. చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

అంకె కనిపించడం మీద నాకు అభ్యంతరం లేదు. జవాబు కోసం ఎదురుచూస్తున్న మనిషి రాసిన మెయిల్, చెప్పుల దుకాణం పంపిన తగ్గింపు ప్రకటన అదే అంకెలో కలిసిపోతున్నాయి. దానితోనే పేచీ. అలా కలిసిపోయిన అంకెను కొన్నాళ్లకు కన్ను పట్టించుకోవడం మానేస్తుంది. అప్పుడిక అంకె ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అంకెలో ప్రతి ఒకటీ మీరు చూడాల్సిన మెయిలే అయ్యేలా చేయడమే మన పని. ఎక్కువమంది వాడేది జీమెయిల్ కాబట్టి దానితోనే చెబుతాను. అవుట్‌లుక్ సంగతి చివర్లో వస్తుంది.

కావలసినవి ఒక కంప్యూటర్, అందులో బ్రౌజర్, ఎవరూ కదిలించని ఒక గంట. ఫోనులో ఈ పని మొదలుపెట్టవద్దు. ఎందుకో రెండో దశలో తెలుస్తుంది.

మొదటి దశ: కంప్యూటర్‌లో చప్పుడు ఆపడం

జీమెయిల్‌లో కుడివైపు పైనున్న చక్రం గుర్తు నొక్కి, సీ ఆల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. జనరల్ విభాగంలో డెస్క్‌టాప్ నోటిఫికేషన్స్ దగ్గర మెయిల్ నోటిఫికేషన్స్ ఆఫ్ ఎంచుకోండి. అడ్వాన్స్‌డ్ విభాగంలో అన్‌రీడ్ మెసేజ్ ఐకాన్ అని ఉంటుంది. బ్రౌజర్ ట్యాబ్ బొమ్మ మీద అంకె వేసేది అదే, డిజేబుల్ చేయండి. రెండు చోట్లా కిందికి వెళ్లి సేవ్ ఛేంజెస్ నొక్కితేనే మార్పు నిలుస్తుంది. మెయిల్ చూడటం అయ్యాక ఆ ట్యాబ్ మూసేయాలి. రోజంతా తెరిచి ఉంచకూడదు. ఈ దశ ఇంతే.

రెండో దశ: పాత కుప్పను కదిలించడం

అందరూ బోల్తా పడేది ఇక్కడే. అందుకే నెమ్మదిగా చెబుతాను, మీరూ నెమ్మదిగా చేయండి.

సెర్చ్ పెట్టెలో ‘ఇన్:ఇన్‌బాక్స్ ఈజ్:అన్‌రీడ్ ఓల్డర్_దాన్:3ఎం’ అని ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయండి. కోలన్‌కు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు, ఓల్డర్ తర్వాత అండర్‌స్కోర్ తప్పకుండా ఉండాలి. మూడు నెలలకు ముందు వచ్చి, ఇన్‌బాక్స్‌లోనే ఉండి, మీరు తెరవనివన్నీ వరుసగా వస్తాయి. కొందరు సంవత్సరం గడువు పెట్టుకుంటారు. మూడు నెలలు చాలు. మూడు నెలల పాటు తెరవని మెయిల్‌ను నాలుగో నెలలో తెరిచినవారిని నేను చూడలేదు.

జాబితా రాగానే దాని మీద చేయి వేయకండి. ముందు ఏరుకోవాలి. అదే వెతుకులాట చివర ‘ఇన్‌కమ్‌ట్యాక్స్’ అని చేర్చి మళ్లీ వెతకండి. పన్ను శాఖ మెయిళ్లు ఏవైనా చదవకుండా పడి ఉంటే బయటపడతాయి. రిటర్నులో సవరణ ప్రతిపాదిస్తూ ఆదాయపు పన్ను చట్టం, 1961లోని సెక్షన్ 143(1)(ఎ) కింద వచ్చే సమాచారానికి జవాబు ఇవ్వడానికి 30 రోజులే గడువు. అలాంటిది ప్రకటనల కింద పూడుకుపోతే నష్టం డబ్బు రూపంలో తగులుతుంది. తర్వాత ఆ మాట తీసేసి మీ బ్యాంకు పేరు, బీమా సంస్థ పేరు, పిల్లల బడి పేరు, అద్దె ఇంటి యజమాని పేరు ఒక్కొక్కటిగా వేసి చూడండి. పనికొచ్చేవి కనిపిస్తే పక్కనున్న నక్షత్రం నొక్కండి. ఈ ఏరివేతకు పావుగంట పడుతుంది. గంటలో అసలైన పావుగంట ఇదే. దీన్ని దాటవేసేటట్లయితే మిగతాది చదవనక్కరలేదు.

ఇప్పుడు మళ్లీ మొదటి వెతుకులాటకు రండి. జాబితా పైన ఎడమవైపు చిన్న చతురస్రం ఉంటుంది. దానిలో టిక్ పెడితే అన్నీ ఎంపికైనట్టే కనిపిస్తాయి. నిజానికి ఎంపికైనవి ఆ పేజీలో ఉన్నవి మాత్రమే. మామూలుగా పేజీకి 50 ఉంటాయి. అప్పుడే జాబితా నెత్తిన సన్నటి గీతలా ఒక వాక్యం వస్తుంది. ఈ పేజీలోని 50 ఎంపికయ్యాయని, ఈ వెతుకులాటకు సరిపోయే అన్నింటినీ ఎంచుకోవాలంటే ఇక్కడ నొక్కమని దాని సారాంశం. చాలామంది దాన్ని చూడనే చూడరు. యాభై యాభైగా నాలుగు పేజీలు చేసి, చేతులు నొప్పి పుట్టి, ‘ఇది అయ్యే పని కాదు’ అని లేస్తారు. ఆ వాక్యంలోని నీలం అక్షరాలను నొక్కాలి. ఫోనులో ఈ పని వద్దన్నది ఇందుకే. వేలకొద్దీ మెయిళ్లను ఒకేసారి ఎంచుకోవడానికి ఇంత తిన్నని దారి అక్కడ లేదు.

ఎంపిక అయింది కదా అని చదివినట్లు గుర్తించేయకండి. దానికి ముందు ఒక లేబుల్ వేయాలి. పైనున్న గుర్తుల్లో లేబుల్ గుర్తు నొక్కి, క్రియేట్ న్యూ ఎంచుకుని ‘పాత చదవనివి’ అని పేరు పెట్టండి. ఇంతమంది రాసే సలహాల్లో ఈ ఒక్క మాట ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు. చదివినట్లు గుర్తించిన క్షణంలో, మీరు చదివినవీ చదవనివీ ఒకే రూపంలోకి మారిపోతాయి. రేపు పొరపాటు తెలిస్తే వెనక్కి వెళ్లి ఏవి చదవనివో తేల్చుకునే దారి ఉండదు. లేబుల్ ఉంటే ఆ గుంపంతా ఎప్పుడంటే అప్పుడు కళ్లముందుకు వస్తుంది. ఇంత పెద్ద గుంపుపై చేసే పని కాబట్టి ఖాయమేనా అని జీమెయిల్ అడుగుతుంది. అవునని చెప్పండి.

లేబుల్ పడ్డాక ఎంపిక పోయి ఉంటే చతురస్రం, నీలం అక్షరాలు మళ్లీ నొక్కండి. ఇక చదివినట్లు గుర్తించే గుర్తు. తెరిచిన కవరు బొమ్మ అది. దానికి ఎడమపక్కనే చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది. రెండింటి మధ్య ఉన్నది సన్నని నిలువు గీత ఒక్కటే. వేల మెయిళ్లు ఎంపికై ఉండగా మౌసు ఒక వేలెడు పక్కకు జరిగితే అన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. మౌసును బొమ్మ మీద ఒక్క క్షణం ఆపండి. కింద పేరు కనిపిస్తుంది. మార్క్ యాజ్ రెడ్ అని కళ్లారా చదివాకే నొక్కండి. పొరపాటున చెత్తబుట్టలో పడితే కంగారు పడవద్దు. అక్కడ 30 రోజులు ఉంటాయి, ఈలోగా ఇన్‌బాక్స్‌కు తెచ్చుకోవచ్చు. 30 రోజులు దాటితే మీవి కావు.

వేలల్లో ఉంటే ఈ పని పూర్తవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అంకె మెల్లగా దిగుతుంది. ఆగిపోయిందనుకుని పేజీని పదేపదే రిఫ్రెష్ చేయకండి. కాసేపటి తర్వాత ఇంకా కొన్ని మిగిలి ఉంటే అదే వెతుకులాట మరోసారి చేయండి.

‘ఇంత తంటా ఎందుకు, తొలగిస్తే స్థలమైనా మిగులుతుంది కదా’ అనేవారుంటారు. చోటు వేరు, చదవని అంకె వేరు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్‌కు, డ్రైవ్‌కు, ఫొటోలకు కలిపి. దాన్ని నింపేది వీడియోలు, ఫొటోలు, పెద్ద అటాచ్‌మెంట్లు. వేయి ప్రకటనల మెయిళ్లు తొలగించినా చోటు పెద్దగా మిగలదు. చోటే కావాలంటే ‘లార్జర్:10ఎం’ అని వెతికితే 10 ఎంబీ దాటినవి బయటపడతాయి. అది ఇంకో రోజు పని.

ఇక ఇన్‌బాక్స్‌ను ఒక్క మీటతో శుభ్రం చేస్తామనే ఉచిత యాప్‌ల మాట. అవి మీ మెయిళ్లన్నీ చదివే అనుమతి అడుగుతాయి. మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆసుపత్రి నివేదికలు ఉన్న చోటుకు తాళంచెవి ఇచ్చినట్టే. అన్‌రోల్.మీ అనే సేవపై 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. వ్యక్తిగత మెయిళ్ల జోలికి పోమని వాడుకదారులకు చెప్పి, వారి కొనుగోళ్ల రసీదుల సమాచారాన్ని మాతృ సంస్థకు అందించిందన్నది ఆరోపణ. గంట కష్టపడి మీరే చేసుకోండి.

మూడో దశ: కొత్తవి పోగుపడకుండా

అక్కరలేనివి పంపేవారి నుంచి పేరు తీయించుకోండి. జీమెయిల్‌కు రోజుకు 5,000కు మించి మెయిళ్లు పంపే సంస్థలు తమ ప్రకటనల మెయిళ్లలో ఒక్క నొక్కుతో తప్పుకునే వీలు ఇవ్వాలని 2024లో గూగుల్ నిబంధన పెట్టింది. మెయిల్ తెరిస్తే పంపినవారి పేరు పక్కన అన్‌సబ్‌స్క్రైబ్ అని కనిపిస్తుంది. దాన్నే వాడండి. ఎప్పుడూ వినని పేరుతో వచ్చిన మెయిల్ లోపలి లింకును మాత్రం నొక్కకండి. మీరు చదువుతున్నారని వాళ్లకు తెలియజేసినట్టవుతుంది. దానికి రిపోర్ట్ స్పామ్ ఉంది.

రావాలి గానీ వెంటనే చూడనక్కరలేనివి కొన్ని ఉంటాయి. షేర్ల బ్రోకరు పంపే కాంట్రాక్టు నోట్లు, నెలవారీ స్టేట్‌మెంట్లు, ఆర్డరు బయలుదేరిందనే కబుర్లు. వీటికి ఫిల్టర్ పెట్టాలి, అంటే వచ్చిన వెంటనే వాటిని ఏం చేయాలో జీమెయిల్‌కు ముందే చెప్పి ఉంచాలి. అలాంటి మెయిల్ ఒకటి తెరిచి, మూడు చుక్కలు నొక్కి, ఫిల్టర్ మెసేజెస్ లైక్ దీస్ ఎంచుకోండి. స్కిప్ ద ఇన్‌బాక్స్‌కు టిక్ పెట్టి ‘తీరికగా’ అనే లేబుల్ తగిలించండి. కాంట్రాక్టు నోట్లకైతే మార్క్ యాజ్ రెడ్‌కు కూడా టిక్ పెట్టండి. చిరునామాలు ఎక్కువైతే ఒక్క ఫిల్టర్‌లోనే వాటి మధ్య ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో ‘ఓఆర్’ పెట్టి రాయవచ్చు. లేబుల్ ఒక్కటే చాలు. పదిహేను లేబుళ్లు పెట్టుకున్నవారు నెల తిరిగేసరికి ఒక్కటీ తెరవరు.

ఫిల్టర్ ఎప్పుడూ చిరునామా మీదే పెట్టాలి, మాట మీద పెట్టకూడదు. ‘అన్‌సబ్‌స్క్రైబ్ అనే మాట ఉన్న ప్రతి మెయిల్‌నూ పక్కకు నెట్టండి’ అనే చిట్కా బాగా తిరుగుతోంది. నమ్మకండి. ఆ మాట బ్యాంకు మెయిల్ అడుగున ఉండవచ్చు, బడి నుంచి వచ్చే సమాచారంలో ఉండవచ్చు, స్నేహితుడు ఫార్వర్డ్ చేసిన ఉద్యోగ ప్రకటనలోనూ ఉండవచ్చు.

నాలుగో దశ: ఫోను

వెంటనే తెలియాల్సినవారు ఎంతమంది ఉంటారు? ఇంట్లోవాళ్లు, పై అధికారి, ఒకరిద్దరు. వాళ్ల చిరునామాలతో ఇంకో ఫిల్టర్ పెట్టి ‘ముఖ్యం’ అనే లేబుల్ వేయండి. దీనికి స్కిప్ ద ఇన్‌బాక్స్ టిక్ వద్దు. ఆండ్రాయిడ్ ఫోనులో జీమెయిల్ సెట్టింగ్స్, మీ ఖాతా, నోటిఫికేషన్స్ దగ్గర ఆల్ ఉంచండి. తర్వాత మేనేజ్ లేబుల్స్‌లోకి వెళ్లి ఇన్‌బాక్స్ నోటిఫికేషన్లు తీసేసి, ‘ముఖ్యం’ లేబుల్‌కు పెట్టండి. ఆ లేబుల్‌కు ముందు సింక్ మెసేజెస్ ఆన్ చేస్తేనే నోటిఫికేషన్ పెట్టనిస్తుంది. ఇది తెలియక ‘నా ఫోనులో ఆ సదుపాయం లేదు’ అనేవారు చాలామంది. ఐఫోనులో యాపిల్ మెయిల్ వాడేవారు ఆ నలుగురినీ వీఐపీ జాబితాలో చేర్చి, నోటిఫికేషన్లు వాళ్లకే ఉంచుకోవాలి.

హై ప్రయారిటీ ఓన్లీ అనే మధ్యే మార్గం ఉంది గానీ నేను సమ్మతించను. ఏది ముఖ్యమో అక్కడ గూగుల్ అంచనా వేస్తుంది. మీకు ఎవరు ముఖ్యమో మీకు తెలుసు.

బొమ్మ మీది ఎర్ర అంకె తీసేయండి. ఆండ్రాయిడ్‌లో ఆ యాప్ నోటిఫికేషన్ల పేజీలో, ఐఫోనులో సెట్టింగ్స్, నోటిఫికేషన్స్, జీమెయిల్, బ్యాడ్జెస్ దగ్గర ఉంటుంది. అంకె చూడాల్సిన చోటు మెయిల్ లోపలే. పొద్దున పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రోజుకు ఈ మూడుసార్లు తెరిస్తే సరిపోతుంది. ఓటీపీ మాటేమిటి అంటారా? అది వచ్చేటప్పుడు మీరు ఎలాగూ దానికోసమే చూస్తుంటారు.

‘తర్వాత జవాబు రాయాలి’ అనుకుని చదివిన మెయిల్‌ను మళ్లీ చదవనిదిగా మార్చి పెట్టే అలవాటు మానుకోండి. మీరు సరిచేసిన అంకెను మీరే చెడగొట్టినట్టు. గుర్తు కోసం నక్షత్రం ఉంది. ఫలానా రోజున గుర్తుచేయాలంటే స్నూజ్ ఉంది.

ఆఫీసు అవుట్‌లుక్

పాత తరహా అవుట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, మెయిల్‌లోకి వెళ్తే మెసేజ్ అరైవల్ కింద మెయిల్ వచ్చిందని తెలిపే పెట్టెలు నాలుగు కనిపిస్తాయి. చప్పుడు, మౌసు గుర్తు మారడం, టాస్క్‌బార్‌లో కవరు, తెర మూలన అలర్ట్. నాలుగింటికీ టిక్ తీసేయండి. పై అధికారి మెయిల్‌కు మాత్రం రూల్ రాసి అలర్ట్ పెట్టుకోవచ్చు. ఫోల్డర్ పక్కన అంకె అక్కరలేకపోతే దానిపై కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లో తీసేయవచ్చు.

అన్నీ చేశాక కూడా కదలని ఒకటి, రెండు

ఇన్‌బాక్స్‌లో ఏమీ లేకపోయినా అంకె ఒకటి దగ్గర నిలిచిపోతుంది. ‘ఈజ్:అన్‌రీడ్’ అని మాత్రమే వెతకండి. ఆర్కైవ్ చేసిన మెయిల్ ఏదో లేబుల్ కింద ఉండిపోతే కనబడుతుంది. అక్కడా లేకపోతే మీ పాత కంప్యూటర్‌లోని మెయిల్ సాఫ్ట్‌వేర్ పాప్ పద్ధతిలో (మెయిళ్లను ఆ పరికరంలోకి దించుకునే పద్ధతి) కలిసి ఉందేమో చూడండి. ఐమ్యాప్ పద్ధతిలో చదివారా లేదా అనే గుర్తు సర్వర్‌లోనే ఉంటుంది, ఫోనులో చదివితే కంప్యూటర్‌లోనూ చదివినట్టే. పాప్‌లో ఏ పరికరం లెక్క దానిదే. ఖాతాను తీసేసి ఐమ్యాప్‌తో మళ్లీ కలపండి. కాకపోతే పాప్‌తో దించుకున్న పాత మెయిళ్లు ఆ కంప్యూటర్‌లో మాత్రమే ఉండే అవకాశం ఉంది. తీసేసే ముందు వాటికి ఒక ప్రతి దాచుకోండి.

‘పాత చదవనివి’ లేబుల్‌ను కొన్ని నెలలు అలాగే ఉంచండి. ఈ ఏడాది రిటర్ను దాఖలు చేసి, దానిపై సమాచారం వచ్చి, అంతా సవ్యంగా ముగిశాక లేబుల్ తీసేయవచ్చు. లేబుల్ తీసేస్తే పోయేది పేరే, దాని కింద ఉన్న మెయిళ్లు ఎక్కడికీ పోవు.