స్కూబా డైవింగ్‌కు నీళ్లలో వెలిగే లైటు సొంతంగా ఎలా తయారు చేసుకోవాలి?

సముద్రంలో ఐదారు మీటర్లు దిగేసరికే ఎరుపు రంగు వెలిసిపోతుంది. ఎర్రటి చేప బూడిద రంగులో కనిపిస్తుంది. మన ఉత్తరాంధ్ర తీరం వైపు దానికి తోడు బురద కూడా. వంశధారకు వరద వచ్చిన రోజుల్లో కళింగపట్నం దగ్గర పట్టపగలే లైటు కావాలి. బారువ దగ్గర మునిగి ఉన్న పాత ఓడ చూడాలన్నా, చింతపల్లి తీరంలో రాళ్ల సందులు చూడాలన్నా లైటు లేకుండా దిగడం దండగ.

ఇంట్లో చేసిన లైట్లు చాలా చూశాను. ఎక్కువగా ప్లంబింగ్ పైపులో మామూలు టార్చి పెట్టి, చుట్టూ ఎపాక్సీ పుట్టి మెత్తినవే. అవి బకెట్లో బాగానే వెలుగుతాయి. సముద్రంలో పది మీటర్లు దిగితే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలో బరువు అదనంగా పడుతుంది. ముప్పై మీటర్ల దగ్గర మూడు కిలోలు. లైటు ముందుండే నలభై మిల్లీమీటర్ల వ్యాసం అద్దం మీద అది సుమారు 38 కిలోలు. పుట్టి అంత ఒత్తిడికి ఆగదు. ఒకసారి ఆగినా, బ్యాటరీ మార్చాలంటే దాన్ని పగలగొట్టాలి.

కావలసినవి: 60 మి.మీ. అల్యూమినియం కడ్డీ 15 సెంటీమీటర్లు, ముందు అద్దానికి 10 మి.మీ. మందం ఉన్న యాక్రిలిక్ (పారదర్శక ప్లాస్టిక్) బిళ్ల, తెల్ల ఎల్‌ఈడీ, దానికి కరెంటు అదుపు చేసి ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్, సన్నని కిరణం ఇచ్చే రిఫ్లెక్టర్, 18650 సైజు లిథియం సెల్ ఒకటి, రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికి వస్తే పనిచేసే స్విచ్), చిన్న అయస్కాంతం, నైట్రైల్ రబ్బరు ఓ-రింగులు (నీళ్లు దూరకుండా ఆపే గుండ్రటి రబ్బరు వలయాలు), సిలికాన్ గ్రీజు. ఓ-రింగుల కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. సబ్‌మెర్సిబుల్ పంపులు, పొక్లెయిన్ల హైడ్రాలిక్ పనులు చేసే షాపుల్లో దొరుకుతాయి. సెల్ మీద సామర్థ్యం 9900 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) అని రాసి ఉంటే కొనకండి. ఆ సైజు సెల్ మంచిదైతే 3500 దగ్గర ఆగుతుంది. అది ఒకటిన్నర ఆంపియర్లకు సుమారు రెండు గంటలు వస్తుంది, ఒక డైవ్‌కు అది చాలు.

వెడల్పుగా పరుచుకునే కిరణం తీసుకోవద్దు. పొగమంచులో హైబీమ్ వేస్తే ఎదుట తెల్లటి గోడ కనిపిస్తుంది కదా, మన బురద నీళ్లలోనూ అంతే. పది డిగ్రీల సన్నని కిరణమే పెట్టుకోవాలి.

కడ్డీని లేత్ మీద గొట్టంలా తొలిపించండి. అల్యూమినియమే ఎందుకంటే ఎల్‌ఈడీ వేడి గోడ గుండా నీళ్లలోకి పోవాలి. ప్లాస్టిక్ అయితే వేడి లోపలే ఉండి ఎల్‌ఈడీ మాడిపోతుంది. ఇత్తడి ముక్కలు అల్యూమినియానికి ఆనించి బిగించవద్దు, ఉప్పునీళ్లలో అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. అద్దాన్ని ముందు వైపు నుంచి గట్టు మీద, ఓ-రింగు పైన కూర్చోబెట్టి రింగుతో బిగించాలి. అప్పుడు సముద్రమే దాన్ని గట్టుకు నొక్కుతుంది. ఎల్‌ఈడీ వెనక థర్మల్ పేస్టు రాసి స్క్రూలు వేయండి. లోపల ఫెవిక్విక్ లాంటి జిగురు వాడకండి, దాని ఆవిరి అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది.

స్విచ్ కోసం గోడకు రంధ్రం పెట్టకూడదు. ఇది నా నియమం, దీనికి మినహాయింపు లేదు. ప్రతి రంధ్రమూ నీళ్లకు ఇంకో దారి. తల తిప్పితే వెలిగే రకం కూడా వద్దు, తిప్పిన ప్రతిసారీ రబ్బరు అరుగుతుంది. గోడ లోపల రీడ్ స్విచ్, బయట జరిపే అయస్కాంతం చాలు. అల్యూమినియం అయస్కాంతానికి అడ్డు రాదు. రీడ్ స్విచ్ పెద్ద కరెంటు మోయలేదు కాబట్టి మధ్యలో మాస్‌ఫెట్ (పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్) పెట్టండి. ఈ లైటును దిక్సూచి ఉన్న చేతికి దూరంగా పట్టుకోండి.

ఇక అసలు పని, వెనక మూత. నేను చూసిన లైట్లలో సగం ఇక్కడే చెడిపోయాయి.

గొట్టం లోపలి వ్యాసం 30 మి.మీ. అనుకుందాం. మూత వ్యాసం 29.9. దాని మీద 3 మి.మీ. మందం, 25 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న ఓ-రింగులు రెండు. అవి కూర్చునే గాడి అడుగు వ్యాసం 25.2, వెడల్పు 4 మి.మీ. అప్పుడు 3 మి.మీ. రబ్బరుకు మిగిలే చోటు 2.4. అంటే రబ్బరు ఇరవై శాతం నలుగుతుంది. నీళ్లను ఆపేది ఆ నలుగుడే. లేత్ ఆయన "పావు మిల్లీకి ఏటవుద్ది బాబూ" అంటాడు. గాడి పావు మిల్లీ లోతెక్కువైతే నలుగుడు 12 శాతానికి పడిపోతుంది. లోతు తగ్గితే మూత దూరదు, బలవంతంగా తోస్తే రబ్బరు తెగుతుంది. పక్కనే నిలబడి వెర్నియర్‌తో మీరే కొలవండి. గాడిని వెడల్పు తగ్గించి కోయనివ్వకండి, నలిగిన రబ్బరు పక్కలకు జరగడానికి చోటు ఉండాలి.

గొట్టం నోటి అంచు వాలుగా, నున్నగా ఉండాలి. పదునైన అంచు మొదటిసారే ఓ-రింగును గీరేస్తుంది. గీరిన చోటు కంటికి కనపడదు, వేలికి తగులుతుంది.

ఇప్పుడు శుభ్రం చేయడం. తువ్వాలుతో తుడవవద్దు. నా మొదటి లైటులో తువ్వాలు దారప్పోగు ఒకటి గాడిలో ఉండిపోయింది. పన్నెండు మీటర్ల దగ్గర అద్దం వెనక నీటి బొట్టు కనిపించింది, పైకి వచ్చేసరికి సగం నిండింది. ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు కూడా అంత పనీ చేస్తుంది. కాబట్టి ఒడ్డున గాలిలో, ఇసుకలో మూత తీయకండి. ఇంటి దగ్గరే మూసుకుని బయలుదేరండి. పాత ఓ-రింగును సూదితో లాగవద్దు, రెండు వేళ్లతో నొక్కితే పైకి లేస్తుంది. సిలికాన్ గ్రీజు రబ్బరు మెరిసేంత రాయండి, అంతకు మించి వద్దు. గ్రీజు రబ్బరు జారడానికే, నీళ్లను ఆపడానికి కాదు. ముద్దలా పూస్తే ఇసుక అంటుకుంటుంది. యాక్రిలిక్ అద్దాన్ని థిన్నర్‌తో, నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిస్తే పగుళ్లు వస్తాయి, సబ్బునీళ్లు చాలు.

మూతకు థ్రెడ్ (తిప్పి బిగించే మరలు) పెట్టించవద్దు. తోసి పెట్టి, పైన సాగే రబ్బరు పట్టీ వేయండి. లోతులో సముద్రమే మూతను నొక్కి పెడుతుంది. దీనికి అంతకన్నా పెద్ద కారణం ఉంది. ఉప్పునీళ్లు సెల్‌ను చేరితే హైడ్రోజన్ పుడుతుంది. థ్రెడ్‌తో బిగించిన గొట్టంలో ఆ వాయువు ఒత్తిడిగా పేరుకుంటుంది, విప్పుతుంటే మూత తుపాకీ గుండులా వస్తుంది. పట్టీ ఉంటే మూత కొద్దిగా వెనక్కి జరిగి వాయువు పోతుంది. అయినా నీళ్లు దూరిన లైటును ఆరుబయట, మూతను ముఖానికి గానీ మరొకరి వైపు గానీ పెట్టకుండా తెరవండి. దగ్గర్లో బీడీ, సిగరెట్టు వద్దు. ఆ సెల్ మళ్లీ వాడకండి.

మొదటి పరీక్ష సెల్ లేకుండానే చేయాలి. లోపల టిష్యూ కాగితం, బయట బరువు. మొదట ఒక రాత్రి బకెట్లో ఉంచండి. లోతులో ఒత్తిడి రబ్బరును సర్దుతుంది, తక్కువ లోతులో ఆ సాయం ఉండదు. అందుకే బకెట్ పరీక్ష మానవద్దు. తర్వాత వేటకు వెళ్లే ఫైబర్ బోటులో తీసుకెళ్లి తాడుతో దించండి. బోటువాళ్లు లోతు బారల్లో చెబితే, బార అంటే సుమారు ఆరడుగులు. మీరు దిగేదానికన్నా కనీసం ఐదారు బారలు ఎక్కువ దించి, అరగంట ఉంచి లాగండి. కాగితం తడి లేకపోతే సెల్ పెట్టి మళ్లీ ఒకసారి దించండి. ఈ పరీక్ష మూడు సార్లు పాస్ కాకుండా నేను ఏ లైటునూ చేత్తో పట్టుకుని దిగను.

రాత్రి డైవ్‌కు ఇది రెండో లైటుగానే ఉండాలి. కొన్న లైటు చేతిలో, ఇది జాకెట్‌కు తగిలించి. గాలిలో వెలిగించి ఉంచకండి, చల్లబరిచే నీళ్లు లేక వేడెక్కుతుంది. పైకి వచ్చాక మంచినీళ్లలో అరగంట నానబెట్టి, నీడలో ఆరనిచ్చి, అప్పుడు మూత తీయండి. సెల్ బయటికి తీసి విడిగా ఛార్జి పెట్టండి. ఓ-రింగులు గాడిలో నలిగి ఉండకుండా తీసి చిన్న డబ్బాలో పెట్టుకోండి, ఏడాదికోసారి కొత్తవి వేయండి.