నేల లేని ఇల్లు: స్టాటిక్ కారవాన్ కొనబోయే ముందు

మార్చి వచ్చిందంటే బ్రిటన్ తీరాల్లోని హాలిడే పార్కులు మళ్లీ గేట్లు తెరుస్తాయి. ఈస్టర్ సెలవులకు మన కుటుంబాలూ స్కెగ్‌నెస్‌కో, రిల్‌కో, టెన్‌బీకో బయలుదేరతాయి. వెళ్లేది మూడు రాత్రుల కోసం. తిరిగొచ్చేటప్పుడు మాత్రం కొందరి జేబులో అడ్వాన్సు రసీదు ఉంటుంది. రెండో రోజు వాన పడుతుంది, పిల్లలు ఈత కొలను వదిలి రారు, ఏమీ తోచక అమ్మకాల ఆఫీసులోకి తొంగిచూస్తాం. కాఫీ ఇస్తారు. సముద్రం కనిపించే స్టాటిక్ కారవాన్, అంటే పార్కులో ఒకేచోట నిలిపి ఉంచే సెలవుల ఇల్లు, తాళం తీసి చూపిస్తారు. లోపల సోఫాలు, వంటగది, రెండు పడకగదులు, కిటికీలోంచి వెలుతురు. ఇండియా నుంచి వచ్చిన అత్తగారు కూడా "బాగుందమ్మా, తీసుకోండి" అంటారు. ఇంకేముంది!

నేను ఆ రసీదు తెచ్చుకున్నవాడినే. లెస్టర్‌లో ఉంటూ లింకన్‌షైర్ తీరంలో ఒక పాత కారవాన్‌ను ఏడేళ్లు ఉంచుకుని, చివరికి కొన్న ధరలో పావు వంతుకు అమ్ముకున్నాను. పిల్లలకు ఆ ఏడు వేసవులూ ఇప్పటికీ తీపి గుర్తులే. అందుకే కొనవద్దని చెప్పను. సంతకం పెట్టే ముందు నాకు ఎవరూ చెప్పని సంగతులు మాత్రం చెబుతాను.

మన లెక్కలో ఇల్లంటే ముందు నేల. హైదరాబాద్‌లో అయిదో అంతస్తులో ఫ్లాటు కొన్నా, అవిభాజ్య వాటా ఎన్ని గజాలని అడిగే జాతి మనది. స్టాటిక్ కారవాన్ విషయంలో ఆ ప్రశ్నకు జవాబు సున్నా గజాలు. మీరు కొనేది ఇనుప చట్రం మీద కూర్చున్న ఒక పెద్ద పెట్టెను. అది నిలబడిన స్థలం పార్కు యజమానిది. అక్కడ కొన్నేళ్లు ఉంచుకోవడానికి మీకు ఇచ్చేది అనుమతి మాత్రమే. దాన్నే లైసెన్సు ఒప్పందం అంటారు. చట్టం దృష్టిలో ఇది చరాస్తి. అందుకే స్టాంపు డ్యూటీ ఉండదు, మామూలు ఇంటి రుణమూ దొరకదు. ఇస్తే వ్యక్తిగత రుణమో, కారుకు ఇచ్చే తరహా వాయిదాల రుణమో ఇస్తారు. వడ్డీ ఇంటి రుణం కన్నా బాగా ఎక్కువ. ధర తగ్గే తీరు కూడా కారుదే. "ఇంగ్లండులో ఇళ్ల ధరలు పెరుగుతూనే ఉంటాయి కదా" అనే ఆశను ఆఫీసు గుమ్మం బయటే వదిలి లోపలికి వెళ్లండి.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. పార్కులో నిలబెట్టి ఉన్న కారవాన్ ధరలో పెట్టె విలువతో పాటు ఆ చోటుకున్న గిరాకీ కూడా కలిసి ఉంటుంది. అదే నమూనా, అదే ఏడాది తయారైన పెట్టె పార్కు బయట డీలరు దగ్గర చాలా తక్కువకు కనిపిస్తుంది. మీరు వదులుకునే రోజున పార్కు వాళ్లు వెనక్కి కొంటామని చెప్పే ధర సాధారణంగా ఆ బయటి ధరకు దగ్గరగా ఉంటుంది. కొనేటప్పుడు సముద్రాన్ని కలిపి అమ్ముతారు, తీసుకునేటప్పుడు రేకునే తూకం వేస్తారు.

కాబట్టి కారవాన్ లోపల గడిపే సమయం కన్నా ఒప్పందంతో గడిపే సమయం ఎక్కువ ఉండాలి. కాగితాలు ఇంటికి ఇవ్వమనండి. "సంతకం పెట్టేటప్పుడు చూపిస్తాం" అంటే లేచి రావడమే. ఇది ఇల్లు కాదు కాబట్టి లాయరు అవసరం లేదని వాళ్లే అంటారు. అవసరం ఉంది. కొన్ని వందల పౌండ్లు పోతే పోనివ్వండి, హాలిడే పార్కుల ఒప్పందాలు తెలిసిన లాయరుకు చూపించండి.

నేనైతే అన్నిటికన్నా ముందు గడువు చూస్తాను. కొత్త పెట్టెకు పదిహేనేళ్లో ఇరవై ఏళ్లో ఇస్తారు. కానీ పాతది కొనేవారికి మిగిలిన ఏళ్లే వస్తాయి. పన్నెండేళ్ల కారవాన్, ఒప్పందంలో మిగిలింది మూడేళ్లు అనుకోండి. అది చౌక బేరం కాదు, మూడేళ్ల అద్దె ముందే కట్టడం. గడువు తీరాక పెట్టెను తీసుకెళ్లే ఖర్చు కూడా మీ మీదే పడవచ్చు. తరువాత సైట్ ఫీజు, అంటే పెట్టెను అక్కడ ఉంచినందుకు పార్కుకు కట్టేది. ఏటా మూడు వేల పౌండ్ల నుంచి మొదలై, పేరున్న పార్కుల్లో ఎనిమిది, పది వేల దాకా పోతుంది. ఈ ఏడాది ఎంత అన్నది చిన్న ప్రశ్న. ఏ లెక్కన పెంచుతారు, ధరల సూచీకి కట్టుబడి ఉంటారా, "నిర్వహణ ఖర్చులను బట్టి" అని చేతులు విప్పుకుని ఉంటారా అన్నదే పెద్ద ప్రశ్న. గత అయిదేళ్ల ఫీజులు ఎంతో రాతపూర్వకంగా అడగండి. ఆఫీసు వాళ్లు నసిగితే పక్క కారవాన్ తలుపు తట్టండి. పదేళ్లుగా అక్కడ ఉంటున్న తెల్లజుట్టు దంపతులు టీ ఇచ్చి మరీ మొత్తం చరిత్ర చెబుతారు. నాకు ఆ బుద్ధి రెండేళ్లు ఆలస్యంగా పుట్టింది.

మీరే కొనుగోలుదారుని వెతుక్కుని అమ్మినా, పార్కుకు 15 శాతం దాకా కమిషను ఇవ్వాలన్న షరతు మామూలే. కొనేవారిని పార్కు ఒప్పుకోవాలి కూడా. చెక్క మెట్లు, డెక్కింగ్ (బయటి చెక్క అరుగు), గ్యాస్ సిలిండర్లు, బీమా బయటి నుంచి తెచ్చుకోవచ్చా, వాళ్ల దగ్గరే కొనాలా అన్నది కూడా చూడండి. డెక్కింగ్ ఒక్కటే అయిదు వేలు దాటుతుంది, అమ్మేటప్పుడు దానికి విలువ కట్టేవారు తక్కువ. కరెంటు మాటకొస్తే, తాము సరఫరాదారుకు కట్టిన యూనిట్ ధర కన్నా ఎక్కువకు తిరిగి అమ్మకూడదని ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ నియమం ఉంది. బిల్లు చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

అడ్వాన్సు గురించి ఒక మాట. ఆన్‌లైన్‌లో కొంటే 14 రోజుల్లో మనసు మార్చుకునే హక్కు ఉంటుందని మనకు అలవాటైపోయింది. పార్కు ఆఫీసులో కూర్చుని చేసిన కొనుగోలుకు మామూలుగా ఆ హక్కు ఉండదు. రుణ ఒప్పందం నుంచి 14 రోజుల్లో వైదొలగవచ్చు కానీ, అప్పు మాత్రమే రద్దవుతుంది, కొనుగోలు అలాగే నిలబడి డబ్బు ఇంకెక్కడి నుంచైనా తెమ్మంటుంది. క్రెడిట్ కార్డుతో అడ్వాన్సు కట్టాం కదా, సెక్షన్ 75 రక్షణ (తేడా వస్తే కార్డు సంస్థ కూడా బాధ్యత వహించాలనే చట్టం) ఉందిలే అనుకునేవారు ఇంకొకటి చూసుకోవాలి. వస్తువు ధర 30,000 పౌండ్లు దాటితే ఆ సెక్షన్ వర్తించదు. కొత్త కారవాన్లు చాలావరకు ఆ గీత అవతలే ఉంటాయి.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. పదేళ్ల గడువు మిగిలిన పాత కారవాన్ 25,000 పౌండ్లకు కొని, పదేళ్ల తరువాత 5,000 చేతికొచ్చిందనుకుందాం. అంటే ఏటా 2,000 కరిగిపోతుంది. సైట్ ఫీజు 5,000. బీమా, గ్యాస్, కరెంటు, చలికాలపు పనులు కలిపి 1,200. మొత్తం 8,200. ఏడాదికి నలభై రాత్రులు ఉంటే రాత్రికి 205 పౌండ్లు. ఇందులో ఫీజు పెరుగుదల లేదు, రుణం వడ్డీ లేదు. నలభై రాత్రులన్నదీ ఆశే. శనివారం పిల్లలకు కూచిపూడి తరగతి, ఆదివారం క్రికెట్, నెలకో పుట్టినరోజు విందు, రెండేళ్లకోసారి వేసవి మొత్తం ఇండియా ప్రయాణం. మా మొదటి ఏడాది ముప్పై ఆరు రాత్రులు, అయిదో ఏడాది పదకొండు. పోయిన ఏడాది క్యాలెండరు తీసి నిజంగా ఖాళీగా ఉన్న వారాంతాలు లెక్కపెట్టండి. ఆ తరువాతే ధర అడగండి.

"మీరు రానప్పుడు అద్దెకు ఇచ్చుకోండి, ఫీజు దానంతట అదే వచ్చేస్తుంది" అనే మాట తప్పక వినిపిస్తుంది. అద్దెకు గిరాకీ ఉండేది పాఠశాల సెలవుల్లోనే, మీకు కావలసిందీ ఆ వారాలే. పార్కు కమిషను, శుభ్రం చేసేవారి కూలి, ఆదాయపు పన్ను పోను మిగిలేది చూడాలి. అద్దెకు ఇస్తే ఏటా గ్యాస్ తనిఖీ చేయించడం తప్పనిసరి. సెలవు ఇళ్ల అద్దెలకు ఇదివరకు ఉన్న ప్రత్యేక పన్ను సౌలభ్యాలను 2025 ఏప్రిల్ నుంచి తీసేశారు కూడా.

వీసా మీద ఉన్నవారు ఇంకాస్త ఆగడం మేలు. ఉద్యోగం మారితే ఊరు మారుతుంది, కారవాన్ మాత్రం అక్కడే ఉంటుంది, ఫీజు వస్తూనే ఉంటుంది. ఇల్లు మారే సందులో నాలుగు నెలలు అక్కడ ఉందామనో, కొత్తగా వచ్చిన విద్యార్థులకు ఇద్దామనో ఆలోచన ఉంటే మానుకోండి. హాలిడే లైసెన్సు ఉన్న పార్కు ఎవరికీ శాశ్వత నివాసం కాకూడదు. సొంత ఇంటి కౌన్సిల్ టాక్సు (స్థానిక ఇంటి పన్ను) బిల్లు చూపించమని ఏటా అడిగే పార్కులున్నాయి. "పన్నెండు నెలలూ తెరిచే ఉంటుంది" అన్నంత మాత్రాన అక్కడ కాపురం ఉండవచ్చని అర్థం కాదు.

చోటు ఎంచుకునేటప్పుడు సముద్రాన్ని చూసి మురిసిపోకుండా, అది మిమ్మల్ని ఎలా చూస్తుందో ఆలోచించండి. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పొంగి ఇంగ్లండు తూర్పు తీరంలో 300 మందికి పైగా చనిపోయారు. 1990 ఫిబ్రవరిలో ఉత్తర వేల్స్‌లోని టౌవిన్ దగ్గర సముద్రపు గోడ తెగి వేల మంది ఇళ్లు విడిచారు. ఆ రెండు తీరాల్లోనూ ఇప్పుడు కారవాన్ పార్కులు బారులు తీరి ఉన్నాయి. ప్రభుత్వ వెబ్‌సైటులో పోస్టుకోడు కొడితే వరద ప్రమాదం ఎంతో తెలుస్తుంది. యార్క్‌షైర్‌లోని హోల్డర్‌నెస్ తీరం సగటున ఏటా సుమారు రెండు మీటర్ల చొప్పున సముద్రంలో కలిసిపోతోంది. అక్కడ కొండచరియ అంచున, అందమైన దృశ్యం ఉన్న వరుసలోనే ధర ఎందుకు తక్కువో అడగనక్కర లేదు. తీరం కోతకు బీమా సాధారణంగా వర్తించదు.

పాతది చూడటానికి వాన కురిసిన మర్నాడు వెళ్లండి. కిటికీల కింద, గది మూలల్లో గోడను వేలితో నొక్కితే మెత్తగా దిగకూడదు. షవరు ముందు నేల మీద బరువు వేసి నిలబడండి, ఊగితే కింద చెక్క నానిపోయినట్టే. పడకగదిలో కొత్త సువాసన మరీ గుప్పుమంటే బూజు వాసన కప్పిపెడుతున్నారేమో చూడండి. వంగి చట్రం కింద కూడా చూడాలి. ఉప్పుగాలికి మామూలు ఇనుము పొరలు పొరలుగా లేస్తుంది, జింకు పూత ఉన్న చట్రం నయం. పెట్టెను నేలకు బిగించే గొలుసులు ఉన్నాయా అన్నదీ అప్పుడే తెలుస్తుంది. చలికాలంలోనూ వాడుకోవాలనుకుంటే బీఎస్ 3632 అనే బ్రిటిష్ ప్రమాణానికి కట్టినదా అని అడగండి. మామూలు హాలిడే కారవాన్ల కన్నా దానిలో చలి ఆపే పొర మందంగా ఉంటుంది. పాత యజమాని రుణం పూర్తిగా తీరిందన్న రుజువు చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. నడవా ఇరుకు, మెట్లు ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను ఒకసారి ఎక్కించి, స్నానాల గదిలో తిరగగలరో లేదో చూసుకోండి.

మన వంట గురించి ఏ ఆఫీసు వారూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. కొన్ని పార్కుల్లో ఒక్కో కారవాన్‌కు వచ్చే కరెంటు 16 ఆంపియర్లే, అంటే సుమారు 3,600 వాట్లు. కెటిల్ ఒక్కటే మూడు వేలు తాగేస్తుంది. రైస్ కుక్కరు, కెటిల్, హీటరు ఒకేసారి వేస్తే చీకటే. అన్నం గ్యాస్ మీద వండండి. తాలింపు పెట్టగానే పొగ అలారం అరుస్తుంది. దాన్ని ఊడదీసి డ్రాయరులో పడేసే అలవాటు మనవాళ్లలో నేనే చాలామందిలో చూశాను, దయచేసి ఆ పని చేయకండి. కిటికీ తీసి, ఫ్యాను వేసి, వేపుళ్లు తగ్గించుకోండి. అయినా మొదటి సెలవుల్లోనే పరదాలకు ఇంగువ పడుతుంది, దానికి మందు లేదు.

గాలి వస్తోందని గోడ కిందా నేలలోనూ ఉన్న రంధ్రాలను గుడ్డలతో మూయకండి. గాలి కన్నా బరువైన గ్యాస్ లీకైతే బయటికి పోయే దారి అదే. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే మొదటి రాత్రికి ముందే కొనండి, ఉంటే బటన్ నొక్కి పరీక్షించండి. ఆ వాయువుకు వాసన ఉండదు. అందరికీ ఒకేసారి తలనొప్పి, మగత వస్తే జలుబు అనుకోకుండా తలుపులు తీసి బయటికి రండి. వాన వచ్చిందని బార్బెక్యూ పొయ్యిని లోపలికి తేవడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గు కూడా గంటల తరబడి ఆ వాయువును వదులుతూనే ఉంటుంది. చలి రోజులకు ప్రొపేన్ సిలిండరే తీసుకోండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్‌కు ఆ గొడవ లేదు.

ఇక చలికాలం. నాకు ఎక్కువ డబ్బు వదిలించింది ఇదే. ఒక నవంబరులో "వచ్చే వారం వెళ్లి చూస్తాలే" అనుకున్నాను. గొట్టాల్లో నిలిచిన నీరు గడ్డకట్టి బాయిలరు లోపల పగిలింది. మార్చిలో నీళ్లు వదలగానే పడకగది కార్పెట్ చెరువైంది. బీమా వారు నీళ్లు తీయించిన రసీదు అడిగారు. నా దగ్గర లేదు. అక్టోబరు చివరి వారంలోనే ఆ పని తెలిసిన మనిషిని పిలిపించండి. బయటి కుళాయి కట్టేసి, లోపలి కుళాయిలన్నీ తెరిచి, బాయిలరు ఖాళీ చేసి, గొట్టాల్లో గాలి ఊది, సింకులు, టాయిలెట్ వంపుల్లో గడ్డకట్టని ద్రవం పోయాలి. షవరు గొట్టం తలను ఊడదీసి కింద పెట్టడం చాలామంది మరిచిపోతారు. పరుపులు గోడకు ఆనకుండా నిలబెట్టి, ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచి, బియ్యం, పప్పులు, కారప్పొడి అన్నీ ఇంటికి తెచ్చేసుకోండి. ఎలుకలకు మన వంటిల్లు బాగా ఇష్టం. పని చేసినవారి రసీదు మీద తేదీ వేయించుకుని, బీమా కాగితాలతో పాటు ఇంట్లో దాచుకోండి.