కోడ్ సమీక్ష, మూడవ పాఠం: ఖాళీ గడి, సున్నా

గత పాఠంలో పెద్ద మార్పును ముక్కలుగా విడదీసి చదవడం చూశాం. ఈసారి ఒక్క ఫంక్షన్‌నే తీసుకుందాం. అనంతపురం జిల్లా మండలాల వర్షపాతం పట్టికను చదివి, రోజువారీ సగటునూ వాన రోజుల సంఖ్యనూ లెక్కించే జావా ఫంక్షన్ మీ ముందుకు సమీక్షకు వచ్చిందనుకోండి. దాని పేరు 'గెట్‌డేటా'. లోపలి వేరియబుల్స్ 'డి', 'టెంప్', 'వ్యాల్'.

పేర్ల సంగతి త్వరగానే తేలిపోతుంది. 'వ్యాల్' బదులు 'రెయిన్‌ఫాల్‌ఎంఎం' అని ఉంటే, అది వర్షపాతమనీ మిల్లీమీటర్లలో ఉందనీ పేరే చెబుతుంది. "పేరు బాగాలేదు" అని రాసి వదిలేయకుండా, మీరైతే ఏ పేరు పెడతారో కూడా రాయండి.

నడుమ ఒకచోట 2.5 అనే అంకె, దాని పక్కన "2.5 కంటే తక్కువైతే లెక్కించవద్దు" అనే కామెంట్ ఉన్నాయి. ఆ మాట కోడే చెబుతోంది. భారత వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు, ఆపైన కురిస్తేనే అది వాన రోజు. కామెంట్‌లో ఉండవలసింది ఈ కారణం. ఉదయం 8.30కి తీసిన కొలత అంతకుముందు 24 గంటల వానదన్న విషయం కోడ్ చూసి ఎవరూ ఊహించలేరు కనుక, దానికి రెండు వరుసలు కేటాయించినా ఎక్కువ కాదు.

అసలు చిక్కు 'నల్' దగ్గర, అంటే విలువ ఏదీ లేదని చెప్పే గుర్తు దగ్గర ఉంది. కొలత నమోదు కాని రోజు గడి ఖాళీగా, అంటే నల్‌గా వస్తుంది. దాన్ని కూడబోతే ప్రోగ్రాం నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అనే లోపంతో ఆగిపోతుంది. రాసినవారు "నల్ అయితే సున్నా" అని ఒక షరతు పెట్టారు. ఇక ప్రోగ్రాం ఆగదు, సమీక్షించేవారికీ అది జాగ్రత్తగానే కనిపిస్తుంది. కానీ వాన పడలేదనడం వేరు, పడిందో లేదో తెలియదనడం వేరు. నాలుగు రోజుల కొలతలు 10, 20, ఖాళీ, 0 అయితే, నమోదైన మూడింటి సగటు 10. ఖాళీని సున్నా చేస్తే 7.5. అసలే వానలు తక్కువగా కురిసే జిల్లాలో, లేని కరువును కోడే పుట్టించినట్లవుతుంది. పైగా డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌లోని సగటు ఫంక్షన్ నల్‌లను వదిలేసి లెక్కిస్తుంది కాబట్టి, ఒకే పట్టికకు డేటాబేస్ ఒక జవాబూ ఈ ఫంక్షన్ మరొకటీ ఇస్తాయి.

1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే ప్రోగ్రామింగ్ భాషలో నల్‌ను ప్రవేశపెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, 2009లో దాన్ని తన వందకోట్ల డాలర్ల పొరపాటుగా చెప్పుకున్నారు. 2014లో జావా 8తో, విలువ ఉండకపోవచ్చని ముందే తెలిపే 'ఆప్షనల్' వచ్చింది. అయితే దాని వెంట 'ఆర్‌ఎల్స్' సున్నా, అంటే విలువ లేకపోతే సున్నా తీసుకో అని రాస్తే పాత తప్పే మళ్లీ వచ్చి చేరుతుంది. అందుకే సమీక్షలో "ఇక్కడ నల్ రావచ్చు" అని హెచ్చరించి ఊరుకోకండి. "ఈ గడి ఏ సందర్భంలో ఖాళీగా ఉంటుందండీ? అప్పుడు సగటులో ఆ రోజును చేర్చాలా, వదలాలా?" అని అడగండి.

అభ్యాసం: ఖాళీలను వదిలేసేలా ఈ ఫంక్షన్‌ను తిరగరాయండి. నెల మొత్తంలో ఒక్క కొలతా లేకపోతే అది ఏమి తిరిగివ్వాలో నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని ఒక పరీక్షగా, అంటే ఫంక్షన్ అలాగే చేస్తోందో లేదో చూసే చిన్న కోడ్‌గా రాయండి. నాలుగవ పాఠం ఆ పరీక్షను చదవడంతో మొదలవుతుంది.