సీసం తీసేశాక కరెంటు పెరగకుండా బోర్డుల లైన్ నడపడం

సర్క్యూట్ బోర్డు మీద పార్టులను అతికించే పాత తగరం-సీసం సోల్డర్ (63:37) 183 డిగ్రీల సెల్సియస్‌కే కరిగేది. సీసం విషం కాబట్టి ఆ సోల్డర్ స్థానంలో వచ్చిన శాక్305 (96.5 శాతం తగరం, 3 శాతం వెండి, 0.5 శాతం రాగి) 217 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అంటే సీసం మానేసినందుకు సోల్డర్‌ను కరిగించే ఓవెన్ ఎక్కువ కరెంటు తాగుతుంది. అందుకే విషపదార్థాల పని ఒకరికీ కరెంటు ఆదా పని మరొకరికీ అప్పగించకండి. రెండూ ఒకే బృందం చూసుకోవాలి.

రిఫ్లో ఓవెన్

సోల్డర్ పేస్టు పూసి, పార్టులు పెట్టిన బోర్డు ఈ ఓవెన్ జోన్ల గుండా వెళ్తుంది. మొదట బోర్డు మీద అసలు ఎంత వేడి పడుతోందో కొలవండి. కనీసం ఐదు థర్మోకపుల్స్ (వేడి కొలిచే తీగలు) కావాలి: అతి పెద్ద బీజీఏ చిప్ (కాళ్లకు బదులు అడుగున సోల్డర్ బంతులుండే చిప్) కింది బంతి దగ్గర ఒకటి, చిన్న రెసిస్టర్ దగ్గర ఒకటి, బోర్డు అంచున ఒకటి, మిగతావి వేడికి తట్టుకోలేని కనెక్టర్ల దగ్గర. అన్నిటికంటే చల్లగా ఉన్న జాయింటు 235కు చేరి, 217 పైన సుమారు నిమిషం ఉంటే చాలు. భయం కొద్దీ 250 దాటించే లైన్లు చాలా ఉంటాయి. జోన్లను 5 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ, ప్రతిసారీ మళ్లీ కొలవండి.

మరీ తగ్గిస్తే వచ్చే తంటా ఇది: బీజీఏ బంతీ, కింది పేస్టూ ఒకదాన్నొకటి తాకుతాయి గానీ కలిసిపోవు. దిండు మీద తల ఆనించినట్టు ఉంటుంది. వేడికి చిప్ అంచులు కాస్త పైకి లేచినా, ఫ్లక్స్ (పేస్టులో ఉండి లోహాన్ని శుభ్రం చేసే రసాయనం) ముందే అయిపోయినా ఇదే జరుగుతుంది. కరెంటు పరీక్షలో పాసై, వాడకంలోకి వెళ్లాక తెగుతుంది. అందుకే సెట్టింగు మార్చిన ప్రతిసారీ కొన్ని బోర్డులు ఎక్స్‌రేలో చూడాలి.

తక్కువ వేడి చాలే బోర్డులకు తగరం-బిస్మత్ సోల్డర్ (42:58) మంచి దారి, 138 డిగ్రీలకే కరుగుతుంది. లెనోవో 2017లో ఇలాంటి తక్కువ ఉష్ణోగ్రత పద్ధతిని ప్రకటించింది. కానీ ఇది పెళుసు, కింద పడే పరికరాలకు జాగ్రత్త. పైగా ఏదైనా పార్టు కాళ్లకు సీసం పూత ఉంటే, సీసం, బిస్మత్, తగరం కలిసి 96 డిగ్రీలకే కరిగే మిశ్రమం అవుతుంది. ప్రాసెసర్ పక్కన అలాంటి జాయింటు నిలవదు.

వేవ్ సోల్డర్ కుండ

ఇందులో కరిగిన సోల్డర్ అల మీదుగా బోర్డు అడుగుభాగం వెళ్తుంది. పాత కుండలోనే కొత్త సోల్డర్ పోసేయడం అందరూ చేసే తప్పు. లెక్క చూడండి. ఎలక్ట్రానిక్స్‌లో విషపదార్థాలను కట్టడి చేసే యూరప్ రోహ్స్ నిబంధన ప్రకారం సీసం 0.1 శాతం మించకూడదు, అంటే 300 కిలోల కుండలో 300 గ్రాములు. 63:37 సోల్డర్‌లో 37 శాతం సీసమే కాబట్టి, మూలల్లో సుమారు 810 గ్రాముల పాత సోల్డర్ మిగిలిపోతే చాలు, కుండంతా పనికిరాదు. వీలైతే కుండే మార్చండి. తగరం ఎక్కువున్న ఈ సోల్డర్ మామూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌ను తినేస్తుంది కూడా, అందుకే టైటానియం లేదా పోత ఇనుము భాగాలు వేయాలి. నెలకోసారి నమూనా తీసి పరీక్షించండి. రాగి 1 శాతం దాటితే సోల్డర్ బిరుసెక్కి, పిన్నుల మధ్య వంతెనలు కడుతుంది.

వచ్చే పార్టుల తనిఖీ

ఎక్స్‌ఆర్‌ఎఫ్ తుపాకీతో (ఎక్స్‌రేలతో ఏ మూలకం ఎంతుందో చూపే చేతి యంత్రం) కేబుల్ మొత్తాన్ని ఒక్కసారి చూసి వదిలేయకండి. రోహ్స్ పరిమితి ప్రతి ఒకే రకం పదార్థానికీ విడిగా వర్తిస్తుంది: తొడుగు వేరు, తీగ వేరు, కనెక్టర్ మీది పూత వేరు. కాడ్మియంకు 0.01 శాతం, నిబంధనలోని మిగతా తొమ్మిది విషపదార్థాలకు 0.1 శాతం. ఈ యంత్రం క్రోమియం, బ్రోమిన్ మొత్తం ఎంతుందో చెబుతుంది గానీ, అది నిషేధించిన రూపమో కాదో చెప్పలేదు. 2019 జులై 22 నుంచి యూరప్‌లో పరిమితి అమలైన నాలుగు థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు) దీనికి అసలే కనపడవు. పీవీసీ తొడుగులను ల్యాబ్‌కు పంపాలి, లేదా పీవీసీయే మానేయాలి.

గాలి, ఫ్యాన్లు

యంత్రాలకు ఒత్తిడి గాలి అందించే కంప్రెసర్‌ను ఉత్పత్తి ఆపిన వేళ నడపండి. 2 నిమిషాలు లోడ్‌లో (గాలి నింపుతూ), 8 నిమిషాలు ఖాళీగా తిరిగితే, 10లో 2 వంతులు, అంటే కంప్రెసర్ సామర్థ్యంలో 20 శాతం గాలి లీకుల్లోనే పోతోంది. కప్లింగులూ, హోసుల చివరలూ ముందు చూడండి. ఆ తర్వాతే ఒత్తిడి తగ్గించండి: 1 బార్ తగ్గితే కంప్రెసర్ కరెంటు 6-7 శాతం తగ్గుతుంది.

క్లీన్ రూమ్ (ధూళి లేకుండా ఉంచే గది) ఫ్యాన్ల మీద కూడా ఒక కన్నేయండి. ఫ్యాన్ కరెంటు వేగం ఘనానికి తగ్గట్టు మారుతుంది కాబట్టి, వేగం 20 శాతం తగ్గిస్తే కరెంటు దాదాపు సగమవుతుంది. రాత్రిపూట, మనుషులు లేనప్పుడు తగ్గించి, ధూళికణాల కౌంటర్ రీడింగు హద్దు దాటనంతవరకే ఉంచండి.