ఎంబ్రాయిడరీ, క్రాస్ స్టిచ్ పత్రికలు: కావలసిన సంచికను వెతకడం, తక్కువ ఖర్చుతో తెచ్చుకోవడం

క్రాస్ స్టిచ్ అంటే గళ్ల గుడ్డ మీద ఇంటూ గుర్తు ఆకారపు కుట్లతో బొమ్మ నింపే పని. ఒక క్రాస్ స్టిచ్ పత్రిక సంచికలో చిన్నవీ పెద్దవీ కలిపి చాలా డిజైన్లు ఉంటాయి. కొన్నవారు వాటిలో నిజంగా సూది పట్టి కుట్టేది సాధారణంగా ఒకటో రెండో. అందువల్ల ఈ పత్రికల మీద పెట్టే ఖర్చును కవరు మీది ధరను బట్టి కాక, కుట్టబోయే ఒక్కో డిజైనుకు ఎంత పడుతుందన్న లెక్కను బట్టి చూడాలి. ఏ సంచికలో ఏ డిజైను ఉందో ముందుగా తెలుసుకుని, ఆ తరువాతే దాన్ని ఎరువు తెచ్చుకోవాలా, తెర మీద చదవాలా, కొనాలా అని నిర్ణయించుకునేవారికి ఖర్చు దానంతట అదే అదుపులో ఉంటుంది.

ముందుగా పత్రికల రకాలు తెలిసి ఉండాలి. క్రాస్ స్టిచ్ కోసమే వెలువడే వాటిలో బ్రిటన్‌కు చెందిన ‘ద వరల్డ్ ఆఫ్ క్రాస్ స్టిచింగ్’, అమెరికాకు చెందిన ‘జస్ట్ క్రాస్‌స్టిచ్’ ఎక్కువమందికి పరిచయమైనవి. బ్రిటిష్ పత్రికలు చాలావరకు గుడ్డ, దారం, సూది ఉన్న చిన్న కిట్టును (కవరు కిట్టును) పత్రికతో పాటు ఇస్తాయి కాబట్టి కొత్తగా నేర్చుకునేవారికి అనుకూలంగా ఉంటాయి. ‘జస్ట్ క్రాస్‌స్టిచ్’ ఏటా క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే చిన్న అలంకరణల కోసమే ఒక ప్రత్యేక సంచిక తెస్తుంది. చిన్న డిజైన్లు చాలా ఒకేచోట దొరుకుతాయి కాబట్టి ఒక్కో డిజైనుకు పడే ఖర్చు అలాంటి సంచికలో బాగా తక్కువ. కాడకుట్టు, గొలుసుకుట్టు వంటి చేతి ఎంబ్రాయిడరీ మీద మనసున్నవారికి ఆస్ట్రేలియాలో మూడు నెలలకొకసారి వెలువడే ‘ఇన్‌స్పిరేషన్స్’ తగినది. కుట్టుపని చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి అమెరికా పత్రిక ‘పీస్‌వర్క్’ ఉంది. ఇవి కాక, ఎంబ్రాయిడరర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికా వంటి సంఘాలు తమ సభ్యులకు సొంత పత్రికను పంపుతాయి. ఆ గిల్డు పత్రిక పేరు ‘నీడిల్ ఆర్ట్స్’. సభ్యత్వ రుసుములో పత్రికతో పాటు పాఠాలు, సమావేశాలు, గ్రంథాలయం వంటివి కూడా కలిసి ఉంటాయి. వాటిని వాడుకునే ఉద్దేశం లేకుండా ఒక్క పత్రిక కోసమే సభ్యులుగా చేరడం నా అభిప్రాయంలో లాభసాటి కాదు.

కావలసిన డిజైను ఏ సంచికలో వచ్చిందో పట్టుకోవడం కొంత ఓపికతో చేయవలసిన పని. కుట్టి పూర్తి చేసిన పని ఫొటో ఒకటి మీ కంట పడి, అది నచ్చి ఉంటే, ఆ ఫొటోతోనే ఇంటర్నెట్‌లో బొమ్మల వెతుకులాట చేయవచ్చు. డిజైనర్ పేరు తెలిస్తే పని ఇంకా సులువవుతుంది, ఎందుకంటే డిజైనర్లు తమ పని ఏయే పత్రికల్లో అచ్చయిందో తరచుగా తామే ప్రకటిస్తారు. దొరికిన వివరాల్లో పత్రిక పేరు, సంచిక సంఖ్య, నెల, సంవత్సరం నాలుగింటినీ రాసి ఉంచుకోవాలి. పత్రికలు తమ మీద అచ్చయిన నెల కంటే కొన్ని వారాల ముందే మార్కెట్లోకి వస్తాయి కనుక, నెల పేరు ఒక్కదాన్నే నమ్ముకుని కొంటే పక్క సంచిక చేతికి వచ్చే ప్రమాదం ఉంది. బార్‌కోడు దగ్గర కనిపించే ఎనిమిది అంకెల ఐఎస్ఎస్ఎన్ సంఖ్య పత్రికను గుర్తిస్తుంది గాని సంచికను గుర్తించదు. ఒకే పేరును పోలిన పత్రికలు రెండు ఉన్నప్పుడు మాత్రం ఆ సంఖ్యే దిక్కు.

సంచిక తేలిన తరువాత మొదట చూడవలసిన చోటు గ్రంథాలయం. అచ్చు పత్రికలను తెప్పించే గ్రంథాలయాలు సరికొత్త సంచికను బయటికి ఇవ్వకపోయినా పాతవాటిని సాధారణంగా ఇంటికి ఇస్తాయి. వరల్డ్‌క్యాట్ అనే ఉమ్మడి జాబితాలో పత్రిక పేరుతో గాని ఐఎస్ఎస్ఎన్‌తో గాని వెతికితే అది ఏయే గ్రంథాలయాల్లో ఉందో తెలుస్తుంది. దూరపు గ్రంథాలయంలో ఉంటే అంతర్ గ్రంథాలయ సేవ ద్వారా అడగవచ్చు. సంచికను పంపకపోయినా, కావలసిన పేజీల నకలు చట్టం అనుమతించిన మేరకు తీసి పంపే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది.

గ్రంథాలయ సభ్యత్వంతో పనిచేసే లిబ్బీ అనే యాప్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గ్రంథాలయం పత్రికల సేవను కూడా తీసుకుని ఉంటే, అందులోని సంచికలను ఎదురుచూపు లేకుండా వెంటనే ఎరువు తీసుకోవచ్చు. పుస్తకాలకు ఉండే నిరీక్షణ వరుస పత్రికలకు ఉండదు, కొత్త సంచికలతో పాటు కొన్ని పాత సంచికలు కూడా దొరుకుతాయి. దీనికి సభ్యులు విడిగా చెల్లించవలసినది ఏమీ లేదు. క్రాస్ స్టిచ్ పత్రికలు ఏవి ఉన్నాయన్నది గ్రంథాలయాన్ని బట్టి మారుతుంది కనుక, చందా కట్టే ముందు ఈ ఒక్కటీ తప్పనిసరిగా చూసుకోవాలని నా సలహా. గ్రంథాలయం వద్ద మీరు కోరే పత్రిక లేకపోతే దాన్ని తెప్పించమని రాతపూర్వకంగా అడగండి. గ్రంథాలయాలు పత్రికల జాబితాను పాఠకులు అడిగినవాటిని దృష్టిలో పెట్టుకునే తయారు చేసుకుంటాయి.

డబ్బు చెల్లించి తెర మీద చదివే సేవలు రెండు రకాలు. పాకెట్‌మ్యాగ్స్, జినియో వంటివి విడి సంచికలను, చందాలను అమ్ముతాయి. రీడ్‌లీ వంటివి నెలకు ఇంత అని తీసుకుని తమ వద్ద ఉన్న పత్రికలన్నిటినీ చదవనిస్తాయి. విదేశీ పత్రిక కోరుకునేవారికి వీటిలో పెద్ద మేలు తపాలా ఖర్చు తప్పడం. దూరదేశం నుంచి వచ్చే సంచికకు తపాలా ఖర్చు ఒక్కోసారి పత్రిక ధరను మించిపోతుంది. అయితే డిజిటల్ సంచికలో కవరు కిట్టు రాదని గుర్తుంచుకోవాలి. ఇంకొక విషయం ఇంతకంటే ముఖ్యమైనది. పెద్ద క్రాస్ స్టిచ్ పని నెలలు, కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది. నెలవారీ సేవలో సభ్యత్వం ఆగిపోయిన రోజున, లేదా ఆ సేవ నుంచి పత్రిక తప్పుకున్న రోజున, చార్టు, అంటే ఏ గడిలో ఏ రంగో గుర్తులతో చూపే డిజైను పటం, కూడా మీ చేతిలో నుంచి పోతుంది. అందుచేత వారంలో ముగిసే గ్రీటింగ్ కార్డుల వంటి చిన్న పనులకు నెలవారీ సేవ సరిపోతుంది. గోడకు తగిలించేంత పెద్ద చిత్రం మొదలుపెట్టేవారు మాత్రం ఆ ఒక్క సంచికను అచ్చులో గాని, శాశ్వతంగా ఉంచుకోగల డిజిటల్ రూపంలో గాని కొనుక్కోవడం మంచిది. విడి డిజిటల్ సంచిక కొనేటప్పుడు కూడా దాన్ని దించుకోవచ్చా, యాప్‌లో మాత్రమే చూడాలా అన్నది చదివి తెలుసుకోవాలి. చార్టు రెండు పేజీల మీద పరచుకుని ఉన్నప్పుడు చిన్న ఫోను తెర మీద గుర్తులు సరిగా కనిపించవు కనుక టాబ్లెట్ ఉంటే కంటికి శ్రమ తగ్గుతుంది.

చందా విషయంలో లెక్క జాగ్రత్తగా చూడాలి. కొన్ని బ్రిటిష్ పత్రికలు నాలుగు వారాలకొకసారి వెలువడి ఏడాదికి 13 సంచికలు ఇస్తాయి, మరికొన్ని పత్రికలు ఏడాదికి 6 లేదా 4 మాత్రమే ఇస్తాయి. చందా మొత్తాన్ని సంచికల సంఖ్యతో భాగించి, తపాలా ఖర్చు కూడా కలిపి చూస్తే గాని అసలు ధర తేలదు. కొత్త చందాదారులకు ఇచ్చే తొలి తగ్గింపు నిజంగానే చౌకగా ఉంటుంది. అయితే గడువు ముగియగానే పూర్తి ధరకు చందా దానంతట అదే కొనసాగే షరతు దానితో పాటు తరచుగా ఉంటుంది కాబట్టి, చేరిన రోజే రద్దు చేయవలసిన తేదీని క్యాలెండర్‌లో రాసుకోవాలి. గత ఏడాది సంచికల విషయసూచికలు తిరగేసి, అందులో సగం సంచికల్లోనైనా మీరు కుట్టాలనుకునే డిజైను ఒకటి కనిపిస్తేనే చందా కట్టండి. అంతకంటే తక్కువైతే విడి సంచికలు కొనుక్కోవడమే మేలు.

పాత సంచికలకు సెకండ్‌హ్యాండ్ మార్కెట్ మంచి ఆధారం. ఆన్‌లైన్ వేలం సైట్లు, పాత పుస్తకాల దుకాణాలు, గ్రంథాలయాలు తీసివేసే పుస్తకాల అమ్మకాలు, కుట్టు సంఘాల సభ్యులు ఖాళీ చేసుకునే అలమరాలు, ఇవన్నీ చూడదగినవే. విడిగా కొనే సంచిక కంటే ఒక ఏడాది సంచికలను కట్టగా కొంటే ఒక్కోదానికి పడే ధర తగ్గుతుంది, కాని నున్నటి కాగితం బరువైనది గనుక తపాలా ఖర్చు అడగకుండా కట్టకు ఒప్పుకోకూడదు. అమ్మేవారిని అడగవలసిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది, మధ్యలో విడిగా పెట్టే చార్టు షీటు ఉందా లేదా అన్నది. ‘ఇన్‌స్పిరేషన్స్’ వంటి పత్రికల్లో పూర్తి కొలతల నమూనాలు ఆ షీటు మీదే ఉంటాయి. అది లేని సంచికలో అందమైన ఫొటోలు మిగులుతాయి గాని కుట్టడానికి ఆధారం ఉండదు. చార్టు మీద పెన్నుతో గళ్లు కొట్టివేసి ఉన్నాయా, పేజీలు చింపారా, కాగితానికి తేమ పట్టిందా అనే ప్రశ్నలు కూడా అడిగి, విషయసూచిక పేజీ ఫొటో పంపమని కోరాలి. కవరు కిట్టు లేని సంచిక చవకగా దొరికితే సంకోచించకుండా తీసుకోవచ్చు. అందులోని గుడ్డ, దారం మీ పెట్టెలోనే ఉండి ఉంటాయి.

పాతకాలపు డిజైన్లు నచ్చేవారికి ఒక్క పైసా ఖర్చు లేని దారి ఉంది. అమెరికాలో ప్రచురణ జరిగి 95 ఏళ్లు నిండిన పత్రికలు అక్కడి చట్టం ప్రకారం కాపీహక్కు పరిధి దాటిపోయి ఉంటాయి. ఇతర దేశాల్లో గడువు వేరుగా ఉండవచ్చు. 1830లో మొదలైన ‘గోడీస్ లేడీస్ బుక్’ వంటి 19వ శతాబ్దపు పత్రికలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో స్కాన్ రూపంలో ఉన్నాయి. స్వచ్ఛంద సేవకులు నడిపే యాంటిక్ ప్యాటర్న్ లైబ్రరీలో పాత చార్టులు, నమూనా పుస్తకాలు ఉచితంగా దించుకోవచ్చు. తెరీజ్ ద దిల్‌మోన్ 1886లో తెచ్చిన కుట్టుపని విజ్ఞానకోశం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఉచిత పుస్తకాల సైటులో బొమ్మలతో సహా దొరుకుతుంది. కుట్టు వేసే విధానాల విషయంలో అది ఈనాటికీ చెక్కుచెదరని పుస్తకం. పాత చార్టుల్లో రంగులను నేటి దారం సంఖ్యలతో చెప్పరు, పేర్లతోనో గుర్తులతోనో చెబుతారు. రంగులు ఎంచుకునే పని మీదే అవుతుంది, ఆ స్వేచ్ఛ చాలామందికి ఇష్టంగానే ఉంటుంది. కొత్త డిజైన్లే కావాలంటే డిఎంసి వంటి దారం కంపెనీలు తమ వెబ్‌సైట్లలో ఉచిత చార్టులు ఉంచుతున్నాయి.

ఉచితం అన్న మాట దగ్గరే ఒక హెచ్చరిక అవసరం. ఇటీవలి పత్రికలను స్కాన్ చేసి మొత్తంగా పంచిపెట్టే చోట్లు చాలా కనిపిస్తాయి. ఒక్కో గడిని ఆలోచించి నింపిన డిజైనర్‌కు అక్కడి నుంచి ఏమీ అందదు. చిన్న పాఠకవర్గం మీద ఆధారపడిన ఈ పత్రికలకు అమ్ముడుపోని ప్రతి ప్రతీ భారమే. మీరు కొన్న అసలు సంచికను స్నేహితురాలికి ఎరువు ఇవ్వడం దీనికి పూర్తిగా భిన్నమైన విషయం. నలుగురు కుట్టేవారు కలిసి తలా ఒక పత్రికకు చందా కట్టి, అసలు సంచికలనే ఒకరి తరువాత ఒకరు వాడుకుంటే ఒక్క చందా ఖర్చుతో నాలుగు పత్రికలు చదవవచ్చు. అలా చేసేటప్పుడు అసలు చార్టు మీద ఎవరూ గుర్తులు పెట్టకూడదన్న నియమం మొదటే పెట్టుకోవాలి. గుర్తులు పెట్టుకునేందుకు సొంత నకలు తీసుకోవచ్చా లేదా అన్నది చాలా పత్రికలు లోపలి పేజీల్లో అచ్చు వేస్తాయి. దాన్ని చదివి పాటిస్తే సరిపోతుంది.

పత్రిక ధర కంటే దాని వెనక వచ్చే సామాను ఖర్చే పెద్దదన్న సంగతి కొనుగోలు సమయంలో గుర్తుకు రాదు. విషయసూచిక నచ్చిన వెంటనే రంగుల పట్టికను చూడండి. డిఎంసి ఆరు పోగుల దారం ఒక్కో లచ్చీ 8 మీటర్లు ఉంటుంది. 60 రంగులు అడిగే చార్టులో చాలా రంగులు నాలుగైదు గళ్లకే వాడి వదిలేస్తారు, అయినా ఒక్కోదానికి ఒక లచ్చీ కొనక తప్పదు. 20 రంగుల్లోపు ముగిసే డిజైన్లు, లేదా మీ దగ్గర ఉన్న రంగులే ఎక్కువగా వాడే డిజైన్లు ముందు కుట్టడం వివేకం. గుడ్డ కొలత కూడా ముందే లెక్కకట్టవచ్చు. 14 కౌంట్ ఐడా గుడ్డకు అంగుళానికి 14 గళ్లు వస్తాయి కాబట్టి, 140 గళ్ల వెడల్పు, 196 గళ్ల ఎత్తు ఉన్న చార్టు 10 అంగుళాలు, 14 అంగుళాల మేర వస్తుంది. ఫ్రేము కోసం అన్ని వైపులా 3 అంగుళాలు వదిలితే 16 అంగుళాలకు 20 అంగుళాల గుడ్డ కావాలి. అదే చార్టును అంగుళానికి 28 పోగులుండే 28 కౌంట్ లినెన్ మీద రెండేసి పోగులు కలిపి కుడితే కొలత మారదు, గుడ్డ ధర మాత్రం పెరుగుతుంది.

చేతికి వచ్చిన సంచికల్లో కుట్టాలనుకున్న డిజైను పేరు, పేజీ సంఖ్య, రంగుల సంఖ్య, గళ్ల కొలత ఒక నోట్‌బుక్కులో రాసుకుంటే, ఉన్నదాన్నే మళ్లీ కొనే పొరపాటు జరగదు. ఏడాదికొకసారి ఆ నోట్‌బుక్కు చూసుకుని, ఒక్క డిజైను కూడా రాసుకోని సంచికలను పక్కకు తీసి, ఏడాది వారీగా కట్టలు కట్టి, చార్టు షీటు ఉందా, కిట్టు ఉందా అన్నది స్పష్టంగా తెలిపి అమ్మితే, తరువాత కొనవలసిన సంచికకు కొంత డబ్బు సమకూరుతుంది.