పాత హార్డ్ డిస్క్‌లో ఫోల్డర్ ‘యాక్సెస్ డినైడ్’ అంటే ఏం చేయాలి?

పాత ల్యాప్‌టాప్ పాడైపోయింది. అందులోని హార్డ్ డిస్క్ తీయించి, యూఎస్‌బీ కేసులో పెట్టి కొత్తదానికి తగిలించారు. యూజర్స్ అనే ఫోల్డర్‌లో మీ పేరు కనిపిస్తోంది, తెరవబోతే ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అంటోంది. అక్క పెళ్లి ఫొటోల కోసం వెతుకుతూ నేనూ ఇక్కడే ఇరుక్కుని, డిస్క్ పోయిందనుకుని ఒక పూటంతా టెన్షన్ పడ్డాను. నిజానికి డిస్క్‌కి ఏమీ కాలేదు.

విండోస్ మనల్ని పేరుతో గుర్తుపట్టదు. అకౌంట్ తెరిచినప్పుడే ఎస్‌ఐడీ అనే పొడవాటి నంబరు ఒకటి ఇస్తుంది. ఫోల్డర్ మీద హక్కులన్నీ ఆ నంబరు పేరిటే ఉంటాయి. కొత్త కంప్యూటర్‌లో అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టుకున్నా నంబరు వేరు. ఒకే ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వరరావులుంటే ఆధార్ నంబర్లు వేరుగా ఉన్నట్టే.

ముందు, అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. ఫోల్డర్ మీద డబుల్ క్లిక్ చేసినప్పుడు వచ్చే పెట్టెలో ‘కంటిన్యూ’ నొక్కి చూడండి. చాలాసార్లు దానితోనే పనైపోతుంది, ఫైళ్లు ఎక్కువుంటే కాస్త ఆగాలి. అలా కాకపోతే:

1. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ వరకు వెళ్లండి.
2. పైన ‘ఓనర్’ పక్కనున్న ‘చేంజ్’ నొక్కి, మీ అకౌంట్ పేరు టైప్ చేసి ‘చెక్ నేమ్స్’ నొక్కండి. పేరు కింద గీత పడితే సరిగ్గా దొరికినట్టు. ఓకే చేయండి.
3. ‘రీప్లేస్ ఓనర్ ఆన్ సబ్‌కంటెయినర్స్ అండ్ ఆబ్జెక్ట్స్’ దగ్గర టిక్ పెట్టి అప్లై చేయండి. ఇది మరిచిపోతే పై ఫోల్డర్ తెరుచుకుంటుంది కానీ లోపలివి మళ్లీ మొండికేస్తాయి. పర్మిషన్లు మార్చమంటారా అని అడిగితే ‘యెస్’ అనండి.
4. అన్ని కిటికీలూ మూసి మళ్లీ అదే చోటుకి రండి. ‘యాడ్’, ‘సెలెక్ట్ ఎ ప్రిన్సిపల్’ ద్వారా మీ పేరు చేర్చి, ‘ఫుల్ కంట్రోల్’ ఇవ్వండి.

తెరుచుకోగానే ఫైళ్లను కట్ చేయకండి, కాపీ చేసుకోండి.

ఫోల్డర్ తెరుచుకున్నా కొన్ని ఫైళ్లు రాకపోతే, వాటి మీద చిన్న తాళం గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అవి ఎన్‌క్రిప్ట్ చేసినవి, అంటే కీ లేకుండా చదవడానికి వీల్లేకుండా మార్చినవి. ఓనర్ మారినా అవి తెరుచుకోవు, పాత కంప్యూటర్‌లోని సర్టిఫికెట్, దాని కీ కావాలి. డిస్క్ మొత్తాన్నీ అలా ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఉన్న డిస్క్ అయితే మొదటే రికవరీ కీ అడుగుతుంది.

ఇదంతా మీ ఫైళ్ల కోసమే. విండోస్ సొంత ఫోల్డర్ల మీద ఈ ప్రయోగం వద్దు, ముఖ్యంగా సి డ్రైవ్ మొత్తానికీ అస్సలు వద్దు, సిస్టమే బూట్ కాకపోవచ్చు. ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’ తెరుచుకోవడం లేదని చాలామంది కుస్తీ పడతారు. అది అసలు ఫోల్డరే కాదు. విస్టా నుంచి పాత ప్రోగ్రాముల కోసం ఉంచిన దారి మళ్లింపు, అసలు సరుకంతా యూజర్స్‌లో ఉంటుంది. యాప్‌లు ఉండే ‘విండోస్ యాప్స్’ ఫోల్డర్ జాగా తినేస్తోందా? సెట్టింగ్స్‌లోంచి యాప్‌లు తీసేయండి. జాగా తినేది ‘సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్’ ఫోల్డర్ అయితే, సిస్టమ్ ప్రొటెక్షన్‌లో రీస్టోర్ పాయింట్లకి (సిస్టమ్‌ని పాత స్థితికి తిప్పుకోవడానికి దాచేవి) ఇచ్చే జాగా తగ్గించండి.

తెలియక ఇప్పటికే అలాంటి ఫోల్డర్‌కి ఓనర్ మార్చేశారా? చాలావాటికి అసలు ఓనర్ ‘ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్’ అనే విండోస్ సొంత అకౌంట్. అదే ‘చేంజ్’ పెట్టెలో ‘ఎన్‌టీ సర్వీస్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి, బ్యాక్‌స్లాష్ పెట్టి, ‘ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్’ అనే పేరు గ్యాప్ లేకుండా రాయాలి (NT SERVICE\TrustedInstaller). జాబితాలో వెతికితే దొరకదు, టైప్ చేయాల్సిందే.