తుపాకీ చోక్ అసలు ఎంతుందో కాగితం మీద తేల్చుకోవడం ఎలా?

తాతల నాటి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ ఇంట్లో ఉన్నవాళ్లని అడిగి చూడండి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషనులో అప్పజెప్పి తెచ్చుకోవడమే తప్ప, దాని తూటాలోంచి వచ్చే చిన్న సీసపు రవ్వలు ఎంత మేర పరుచుకుంటాయో ఒక్కసారీ చూసి ఉండరు. ‘మాది ఫుల్ చోకండీ, దూరం బాగా లాగుతుంది’ అని మాత్రం ఘంటాపథంగా చెబుతారు.

చోక్ దూరం లాగదు. మూతి దగ్గర రెండు మూడు అంగుళాల మేర గొట్టం లోపలి కొలతను బిగిస్తుంది, అంతే. పన్నెండు బోరు లోపల సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఫుల్ చోక్ ఇందులో సుమారు 1 మిల్లీమీటరు తగ్గిస్తుంది, హాఫ్ అందులో సగం. రవ్వల వేగం దాదాపు మారదు, పరుచుకోవడమే మారుతుంది. 40 గజాల దగ్గర 30 అంగుళాల వలయంలో సిలిండర్, అంటే చోక్ లేని గొట్టం, 40 శాతం రవ్వలు వేయాలి, హాఫ్ 60, ఫుల్ 70. పొడుగు గొట్టం దగ్గరగా కొడుతుందన్నది కూడా ఉత్తమాటే. పొడుగు గొట్టం గురి పట్టడానికి పనికొస్తుంది, రవ్వల్ని పోగుచేయదు.

ఈ పరీక్ష అనుమతి ఉన్న షూటింగ్ రేంజిలోనే చేయాలి. ఉద్దానం జీడితోటల్లోనో నాగావళి ఇసుకలోనో కాదు. చిన్న రవ్వ కూడా దాదాపు 200 మీటర్లు పోతుంది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఇతరులకు ముప్పు కలిగేలా కాల్చితే రెండేళ్ల జైలు, లక్ష జరిమానా దాకా ఉంది.

సరంజామా సులువే. నాలుగడుగుల చదరం కాగితాలు గొట్టానికి పది చొప్పున, వెదురు చట్రం, దానికి బిగించిన గోనెపట్టా, అతికించడానికి మైదా జిగురు, 38 సెంటీమీటర్ల (30 అంగుళాల్లో సగం) పురికొస, స్కెచ్ పెన్ను. మధ్యలో రూపాయి బిళ్లంత చుక్క పెట్టండి. మూతి నుంచి కాగితానికి 36.5 మీటర్లు, అంటే 40 గజాలు, టేపుతో కొలవండి, అడుగులతో కాదు. పొద్దున్నే మొదలుపెట్టండి. ఎండెక్కితే మన తీరంలో సముద్రపు గాలి తిరుగుతుంది, కాగితం చట్రం మీద నిలవదు. ఒక్కో కాగితానికి ఒక్కటే తూటా. వెంటనే దాని మీద కుడి గొట్టమా ఎడమదా, ఏ తూటా అన్నది రాయాలి. తర్వాత గుర్తుండదు.

అందరూ చెడగొట్టేది ఇక్కడి నుంచే. చుక్క చుట్టూ ముందే వలయం గీసి కాల్చకండి. అలా చేస్తే తుపాకీ ఎక్కడ కొడుతోంది, ఎంత పరుస్తోంది అనే రెండు సంగతులు కలగాపులగం అవుతాయి. గురి జానెడు పక్కకి పోతే నిక్షేపంలాంటి చోక్‌ని చెడ్డదంటారు. ముందు కాల్చండి. తర్వాత చిల్లులు ఎడమ సగం, కుడి సగం వచ్చేలా ఒక నిలువు గీత, పైన సగం, కింద సగం వచ్చేలా ఒక అడ్డగీత గీయండి. రెండూ కలిసిన చోట పురికొస పట్టుకుని వలయం తిప్పండి. కేంద్రం కంటి అంచనాతో పెట్టకండి. కన్ను ఎప్పుడూ ఒత్తుగా ఉన్నవైపే లాగుతుంది.

వలయాన్ని నాలుగు భాగాలు చేసి, లెక్కపెట్టిన ప్రతి చిల్లుకీ టిక్కు పెట్టండి. వాడ్ (తూటాలో మందుకీ రవ్వలకీ మధ్య ఉండే అడ్డు) చింపిన పెద్ద కంతని లెక్కలోకి తీసుకోవద్దు. భాగించడానికి తూటాలోని మొత్తం రవ్వల సంఖ్య కావాలి. నంబరు చూసి ఊహించకండి: అమెరికా 7, ఇంగ్లీషు 7 ఒకటి కావు. పెట్టె మీది గ్రాములు, మిల్లీమీటర్లు చూడండి. 24 గ్రాముల్లో 2.4 మిల్లీమీటర్ల సీసపు రవ్వలు సుమారు 300 పడతాయి. వలయంలో 180 ఉంటే 60 శాతం.

ఒక్క కాగితంతో తీర్పు చెప్పొద్దు. తుపాకీ, తూటా మారకపోయినా ఒకటి 64 శాతం, పక్కది 56 శాతం చూపడం మామూలే. పది కాగితాల సగటే లెక్క. ఒక కాగితంలో అరచేతి మందాన ఖాళీ కనబడగానే ‘ఇందులోంచి పిట్ట ఎగిరిపోతుంది’ అనేవాళ్లకు చెప్పేది ఒకటే. రవ్వలు విసురువల కళ్లు కావు, వాటిని ఎవరూ ముడివేయలేదు. రెండో కాగితంలో ఆ ఖాళీ మరోచోట ఉంటుంది. పదింటిలోనూ ఒకేచోట ఉంటే అప్పుడు గొట్టం చూపించండి.

హాఫ్ అని చెక్కిన గొట్టం 70 శాతం ఇస్తే కంగారొద్దు. ప్లాస్టిక్ కప్పు ఉన్న తూటాలో రవ్వలు గొట్టానికి రాసుకోవు, గుండ్రంగానే బయటికొస్తాయి, నిటారుగా పోతాయి. మెత్తటి సీసం, ఫెల్ట్ వాడ్ అయితే అడుగు రవ్వలు నలిగి పక్కకి చెదురుతాయి. ఫుల్ గొట్టమే హాఫ్‌లా కొడుతుంది. అందుకే గొట్టం మీది చెక్కుడు సగం కథే. తూటా మారిస్తే పది కాగితాలూ మళ్లీ మొదటి నుంచి. డబ్బు దండగ అనిపిస్తే చోక్ గురించి మాట్లాడటం మానేయాలి.

20 గజాల్లో ఫుల్ చోక్ దాదాపు అన్ని రవ్వల్నీ ఆ వలయంలోనే, అదీ నడిమధ్య కుక్కేస్తుంది. స్కీట్ పోటీలో గాల్లోకి విసిరే 11 సెంటీమీటర్ల బిళ్లల్ని కొట్టేవాళ్లు తెరిచిన, అంటే బిగింపు తక్కువున్న, చోక్ వాడేది అందుకే. ఫుల్ ఉంటే మొనగాడన్న లెక్క అక్కడ చెల్లదు.

పాత ఇంగ్లీషు గొట్టం మీద ‘నాట్ ఫర్ బాల్’ ముద్ర ఉంటే అది బిగిసిన చోక్, అందులో ఒంటి గుండు వేయకూడదు. ఫుల్ చోక్‌లో ఉక్కు రవ్వలూ వద్దు. సీసంలా అణగవు, మూతి ఉబ్బుతుంది. గొట్టం మీద మెలికల నగిషీ కనిపిస్తే అది డమాస్కస్, అంటే ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చేసిన పాతకాలపు గొట్టం, కావచ్చు. గన్‌స్మిత్ చూసేదాకా నేటి తూటా పెట్టనే వద్దు, కాగితాలు తర్వాత.